గ్రానైటు గోడ, ఇటలీ గంట: మేడ్చల్ దారి చర్చిల్లో పరాయి వాటా ఎంత?

సికింద్రాబాద్ నుంచి ఉత్తరానికి రెండు పెద్ద దారులున్నాయి. ఒకటి కొంపల్లి, మేడ్చల్, తూప్రాన్ మీదుగా రామాయంపేట వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి. రెండోది తిరుమలగిరి, బొల్లారం, హకీంపేట దాటి, శామీర్‌పేట చెరువు పక్కనుంచి సిద్దిపేట, కరీంనగర్‌లకు వెళ్లే రాజీవ్ రహదారి. తెలంగాణలో చర్చి కట్టడం ఎలా మొదలై ఎలా ఎదిగిందో తెలుసుకోవాలంటే ఈ దారుల మొదట్లో ఉన్న కంటోన్మెంటు చర్చిలను, హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న గన్‌ఫౌండ్రీ కెథెడ్రల్‌ను, ఉత్తరాన మెదక్ చర్చిని కలిపి చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

అయితే వీటి గురించి మాట్లాడేటప్పుడు మనం ముద్రలు తేలిగ్గా వేసేస్తాం. పాత చర్చి కనబడితే చాలు, ‘ఇటాలియన్ కట్టడం’ అనో ‘గోతిక్’ అనో అనేసి ముందుకు పోతాం. ఇటలీ పాలరాయి, ఇటలీ గంటలు, ఇటలీ మేస్త్రీలు అనే మాటలు వినీ వినీ చర్చి మొత్తం ఓడలో దిగివచ్చిందన్న భావన స్థిరపడింది. ఇందులో నిజమెంత? ఏ భాగం అక్కడిది, ఏ భాగం ఇక్కడిది? ఒక్కొక్క కట్టడాన్నీ విడదీసి చూస్తే తేలేది ఇది: ఇటలీ వాటా గోడల్లో చాలా తక్కువ. గంటల్లో, నేలలో, కట్టించిన ఫాదర్ల పద్ధతుల్లో ఎక్కువ. ఇటలీ నుంచి మనం నిజంగా నేర్చుకోవలసిన సంగతి మాత్రం ఇంతవరకూ ఇక్కడికి రానేలేదు.

ఇటలీ చర్చిని ఎలా గుర్తుపట్టాలి?

ముందు కొలబద్ద కావాలి. ఇటలీ చర్చిల్లో వందల ఏళ్లుగా కనిపించే లక్షణాలు నాలుగైదున్నాయి. మొదటిది గంటల గోపురం. ఇంగ్లండులో అది చాలాచోట్ల చర్చికే అతుక్కుని ఉంటుంది. ఇటలీలో తరచు విడిగా నిలబడుతుంది. 1173లో పునాది పడిన పీసా వాలు గోపురం పక్కనున్న కెథెడ్రల్ గంటల కోసం కట్టినదే. ఫ్లోరెన్సులో చిత్రకారుడు జొత్తో 1334లో మొదలుపెట్టిన గోపురమూ అంతే. రెండోది గుమ్మటం. ఫ్లోరెన్సు కెథెడ్రల్ మీద వాస్తుశిల్పి బ్రునెలెస్కీ 1420, 1436 మధ్య ఎత్తిన ఇటుక గుమ్మటం చూశాక ఐరోపా అంతా ఆ దారి పట్టింది.

మూడోది గోడ. ఉత్తర ఐరోపాలో ఎండ తక్కువ కాబట్టి గోడను చీల్చి పెద్ద పెద్ద కిటికీలు పెట్టి రంగుటద్దాలు బిగించారు. ఇటలీలో ఎండ ఎక్కువ. అక్కడ గోడ మందంగా, కిటికీ చిన్నదిగా ఉంచి, ఆ గోడ మీదే తడి సున్నంలో బొమ్మలు వేశారు. 1305 ప్రాంతంలో పాదువాలోని స్క్రోవెఞ్ఞి ప్రార్థనాలయంలో జొత్తో వేసిన బొమ్మలు అలాంటివే. నాలుగోది నేల: రంగురాళ్లు పొదిగిన మొజాయిక్.

అయిదోది చాలామంది పట్టించుకోనిది, కట్టిన వరుస. ఇటలీలో చర్చి ముఖభాగం చివర్న వస్తుంది, ఒక్కోసారి ఎన్నటికీ రాదు. ఫ్లోరెన్సు కెథెడ్రల్‌కు 1296లో పునాది పడితే, ఇవాళ మనం చూసే ముఖభాగం పూర్తయింది 1887లో. బొలోఞ్ఞాలో 1390లో మొదలైన సాన్ పెత్రోనియో చర్చికి కింద సగం పాలరాయి, పై సగం ఇప్పటికీ మొండి ఇటుకే. ఫ్లోరెన్సులోనే సాన్ లొరెంజోకు మైకెలాంజెలో ముఖభాగం గీసిచ్చినా అది గోడ మీదికి ఎక్కలేదు. మేడ్చల్ కాలనీల్లో స్లాబు వేసుకుని, లోపల కాపురం పెట్టి, ‘ఎలివేషన్ డబ్బులొచ్చాక చూసుకుందాం’ అనే ఇంటాయన పద్ధతికీ దీనికీ తేడా లేదు. పూజ సాగాలి, కప్పు ఉండాలి. ముందు గోడ అందం తర్వాతి సంగతి.

దండు వెంట వచ్చిన చర్చిలు

సికింద్రాబాద్ పేటకు 1806లో నిజాం సికందర్ జా పేరు పెట్టారు. బ్రిటిష్ దండు అక్కడ దిగాక చర్చిలు ఒక్కొక్కటే లేచాయి. 1813లో సెయింట్ జాన్ ద బాప్టిస్ట్ చర్చి వచ్చింది. జంటనగరాల్లో అన్నిటికన్నా పాతది ఇదే. బొల్లారంలో హోలీ ట్రినిటీ చర్చి 1847 నాటిది. విక్టోరియా రాణి తన సొంత సొమ్ము ఇచ్చిందని, నిజాం స్థలం ఇచ్చాడని చెబుతారు. ఎలిజబెత్ రాణి 1983 నవంబరు 20న తన పెళ్లిరోజు నాడు ఇక్కడికి ప్రార్థనకు రావడంతో ఆ పేరు పత్రికల్లోకెక్కింది. తిరుమలగిరిలో ఆల్ సెయింట్స్ చర్చి 1860 నాటిది.

వీటిలో ఇటలీ జాడ వెతకడం వృథా. కొనదేలిన కమానులు, పొడవాటి సన్నని కిటికీలు, ముందువైపు గోపురం, టేకు దూలాలు, బర్మా టేకు బల్లలు ఇంగ్లండు పల్లె చర్చిని గుర్తుచేస్తాయి. ఇంటికి దూరంగా ఉన్న సిపాయికి ఇల్లు గుర్తుకురావాలన్నదే వాటి అసలు లెక్క. కానీ ఇంగ్లండు వానకు పుట్టిన రూపం దక్కన్ మే నెలకు తట్టుకోవాలి. అందుకే గోడలు మందం పెరిగాయి, కప్పు ఎత్తు పెరిగింది, వేడిగాలి పోవడానికి పైన కంతలు పడ్డాయి, గుమ్మం ముందు నీడకోసం పోర్టికో వచ్చింది. నమూనా మీద ఇంగ్లండు పేరున్నా ఎండ మాత్రం ఇటలీ పద్ధతినే కోరిందన్నమాట: మందపు గోడ, చిన్న కంతలు, లోపల చల్లదనం.

కేథలిక్కుల వైపు మొదటి పెద్ద కట్టడం సికింద్రాబాద్ సెయింట్ మేరీస్. ఐర్లండు నుంచి వచ్చిన ఫాదర్ డేనియల్ మర్ఫీ 1847లో మొదలుపెట్టాడు, 1850లో పూర్తయింది. రూపం గోతిక్, కట్టించినది ఐరిష్ గురువు, గంట వచ్చింది ఇటలీ నుంచి. ఒకే చర్చిలో మూడు దేశాలు! 2008లో దీనికి బసిలికా హోదా దక్కింది. ‘బసిలికా’ అనగానే ఇటలీ శైలి అనుకుంటారు కానీ, అది పోపు ఇచ్చే గౌరవం. కట్టడం రూపానికీ దానికీ సంబంధం లేదు.

గన్‌ఫౌండ్రీలో మిలాను పద్ధతి

ఇటలీ వాళ్లు నేరుగా చెయ్యి పెట్టింది గన్‌ఫౌండ్రీ సెయింట్ జోసెఫ్స్ కెథెడ్రల్ మీద. 1850లో మిలానులో విదేశీ మిషన్ల కోసం ఒక సెమినరీ పుట్టింది. తర్వాతి కాలంలో దాన్నే పీమే అన్నారు. 1850ల మధ్యలో హైదరాబాద్ మిషను దాని చేతికొచ్చింది. ఆనాటి నుంచి దాదాపు వందేళ్లపాటు హైదరాబాద్ పీఠాన్ని నడిపినవాళ్లు బార్బేరో, కప్రోత్తి, విగానో, విస్మారా వంటి ఇటలీ పేర్లవాళ్లు. 1953లో హైదరాబాద్ అతిమేత్రాసనం అయ్యాక జోసెఫ్ మార్క్ గోపు ఆర్చ్‌బిషప్ అయ్యారు.

1869లో చాదర్‌ఘాట్ వైపు స్థలం కొన్నారు. ఫ్రెంచి సేనాని రేమండ్ అంతకు ముందు శతాబ్దం చివర్లో ఫిరంగులు పోతపోయించిన గన్‌ఫౌండ్రీ ఆ పక్కనే. 1870లో ఫాదర్ లుయీజీ మల్బెర్తీ పని మొదలుపెట్టారు. 1875 క్రిస్మస్ ముందురాత్రికి లోపల పూజ మొదలైంది. జంట గోపురాల ముఖభాగం మాత్రం 1890ల తొలి ఏళ్ల దాకా ఆగింది. గంటలు కూడా ఆ కాలంలోనే ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చాయి. కట్టిన వరుస చూడండి: ముందు లోపలి చోటు, తర్వాత పూజ, చాలా ఏళ్లకు ముఖభాగం, చివర్న గంటలు. మిలాను కెథెడ్రల్ కథ అచ్చం ఇదే. 1386లో మొదలై, ముఖభాగం పందొమ్మిదో శతాబ్దం మొదట్లో నెపోలియన్ తొందరపెడితే తప్ప పూర్తి కాలేదు. ఆ ఊరి నుంచి వచ్చిన గురువులకు సగంలో ఉన్న చర్చిలో పూజ చేయడం కొత్త కాదు, చిన్నతనమూ కాదు.

ఈ కెథెడ్రల్‌లో ఇటలీ ముద్ర ఏదని అడిగితే గోపురాల రూపం కన్నా ఈ వరుసనే చూపించాలి. డబ్బు వచ్చినంతమేర కట్టడం, ఆగడం, మళ్లీ కట్టడం. నమూనా కాగితం మీద కనబడని వారసత్వం అది.

ఇక్కడొక విచిత్రం. హైదరాబాద్‌లో ఇటలీ శైలి కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపించేది చర్చిల్లో కాదు, కొలువు భవనాల్లో. కోఠీలో 1800ల తొలి ఏళ్లలో రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ కట్టించిన బ్రిటిష్ రెసిడెన్సీ ఇటలీ వాస్తుశిల్పి పల్లాదియో బాటలో నడిచింది. 1884లో మొదలైన ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఇటలీ పాలరాయి మెట్లెక్కింది. ఇటలీ రూపం ఆడంబరం కోరినవాళ్లకు వచ్చింది. ఇటలీ మనుషులు నడిపిన మిషనుకు అంత రూపం కొనుక్కునే సొమ్ము లేదు.

మెదక్: కొలతలూ కథలూ

మేడ్చల్, తూప్రాన్ దాటి రామాయంపేట నుంచి పడమటికి తిరిగితే మెదక్. వెస్లియన్ మెథడిస్ట్ మిషను తరఫున చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో సికింద్రాబాద్ చేరి, మొదట తిరుమలగిరిలో సిపాయిల మధ్య పనిచేశారు. తర్వాత పల్లెలవైపు వెళ్లి మెదక్‌లో స్థిరపడ్డారు. అంటే దండు చర్చి నుంచి పల్లె చర్చికి జరిగిన ప్రయాణం ఒకే మనిషి జీవితంలో, ఈ ఉత్తరపు దారిలోనే జరిగింది. 1914లో పని మొదలైంది. యుద్ధం, కరవు ముసురుకున్న కాలం. కరవు పని కింద జనానికి కూలి, తిండి ఇస్తూ గోడలు లేపారన్నది మెదక్ ప్రాంతంలో ఇంటింటా చెప్పుకునే సంగతి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది.

కొలతలివి: పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు, గంటల గోపురం 175 అడుగులు. లోపల ఐదువేల మంది దాకా పడతారంటారు. ఇది ‘వాటికన్ తర్వాత ప్రపంచంలో రెండోది’ అనే మాట బాగా తిరుగుతుంది. కొలత పెడితే ఆ మాట నిలవదు. రోములోని సెయింట్ పీటర్స్ లోపలి పొడవు ఆరువందల అడుగులకు పైనే. మిలాను కెథెడ్రల్ 500 అడుగులు దాటుతుంది. అంతదూరం ఎందుకు, గోవాలోని సే కెథెడ్రల్ పొడవే 250 అడుగులు. మెదక్ డయాసిస్ (బిషప్ పరిధి) ఎంత పెద్దదన్న మాటా, కట్టడం ఎంత పెద్దదన్న మాటా కలగలిసిపోయి ఈ గొప్ప పుట్టింది. అలాగే చార్మినార్ కన్నా గోపురం ఎత్తు కావడంతో నిజాంకు కోపం వచ్చిందన్న కథ కూడా. దాన్ని కథగానే వినాలి. కొలతలు తగ్గినంత మాత్రాన మెదక్ గొప్ప తగ్గదు. కరవులో పల్లె జనం చేతుల మీదుగా లేచిన గోతిక్ చర్చి అన్న విషయం చాలు.

మెదక్‌కూ ఇటలీకీ ముడి నేల దగ్గర పడింది. పలకలు ఇంగ్లండు నుంచి వచ్చాయని, వాటిని పరచడానికి ఇటలీ మేస్త్రీలను రప్పించారని చెబుతారు. ఇది నమ్మదగిన మాటే. ఈశాన్య ఇటలీలోని ఫ్రియులి ప్రాంతం నుంచి మొజాయిక్ పనివాళ్లు ఐరోపాకూ అమెరికాకూ వలసపోయిన కాలమది. ఆ పని నేర్పడానికి అక్కడి స్పిలింబెర్గోలో 1922లో బడి కూడా పెట్టారు. సిమెంటులో రాతిముక్కలు కలిపి, ఆరాక రాయితో అరగదీసి మెరుపు తెచ్చే వాళ్ల టెర్రాజో పనే మన ఇళ్లలో ‘మొజాయిక్’ అయింది. పాత మారేడ్‌పల్లిలోనూ మల్కాజిగిరిలోనూ మొన్నమొన్నటి దాకా ఆ నేల తుడుచుకున్న ఇళ్లెన్నో. ఇటలీ వాటా చర్చి గోడ దగ్గర ఆగిపోయింది కానీ, నేల మీదుగా ప్రతి ఇంట్లోకీ వచ్చేసింది.

మెదక్ కిటికీల వరుస కూడా గమనించాలి. క్రీస్తు ఆరోహణం కిటికీ 1927లో, జననం కిటికీ 1947లో, సిలువ కిటికీ 1958లో పెట్టారు. మూడూ ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్‌బరీ గీతలు. పగలు లోపల నిలబడి చూస్తే నీలం, ఎరుపు వెలుగులతో బొమ్మ విచ్చుకుంటుంది. బయటినుంచి చూస్తే సీసపు గీతల మధ్య నల్లటి అద్దం ముక్కలే. ప్రతిష్ఠ తర్వాత 34 ఏళ్లకు గానీ మూడో కిటికీ రాలేదు. ఈలోగా తెల్లవాళ్లు వెళ్లిపోయారు, 1947లో సి.ఎస్.ఐ. (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) ఏర్పడింది, హైదరాబాద్ సంస్థానం ఇండియాలో కలిసింది, ఆంధ్రప్రదేశ్ పుట్టింది. ‘1924లో కట్టిన చర్చి’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఇదంతా పోతుంది.

రాయి చెప్పినట్టే నమూనా వినాలి

ఇక గోడల సంగతి. మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ ఏ గుట్ట చూసినా గ్రానైటే, సుమారు 250 కోట్ల ఏళ్లనాటిది. ఇటలీ శిల్పికి దొరికింది ఉలికి లొంగే పాలరాయి. మిలాను కెథెడ్రల్‌కు కందోలియా గనుల నుంచి గులాబీ చాయ పాలరాయిని పడవల మీద కాలువల్లో ఊళ్లోకి తెచ్చారు. మన గ్రానైటు అలా లొంగదు. దాన్ని చీల్చడమే ఒక విద్య.

వడ్డెర మేస్త్రీ ముందు బండ చుట్టూ తిరిగి చూస్తాడు. రాతికి చీలే వాలు ఉంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఆ వాలు మీద జానెడు ఎడంగా వరుసగా గుంటలు తొలిచి, ఒక్కోదాంట్లో ఇనుప చీల దిగ్గొడతాడు. సమ్మెటతో ఒకదాని తర్వాత ఒకటి, ఈ కొస నుంచి ఆ కొసకు, మళ్లీ మొదటికి. తొందరపడి ఒక్కదాన్నే మోదితే బండ పక్కకు చిట్లుతుంది. ఠంగుమనే చప్పుడు కాసేపటికి దబ్బుమనడం మొదలవుతుంది. అప్పుడు సమ్మెట పక్కన పెట్టి చూస్తే గుంట నుంచి గుంటకు వెంట్రుకంత గీత కనబడుతుంది. బండ రెండైపోయిందన్నమాట.

ఇలాంటి రాతితో గోడ కట్టొచ్చు, స్తంభం నిలపొచ్చు. జాలీలాగా అల్లిన గోతిక్ కిటికీ చట్రం చెక్కాలంటే మాత్రం తల ప్రాణం తోకకొస్తుంది. కుతుబ్‌షాహీల కాలం నుంచీ దక్కన్‌లో దానికొక ఉపాయం ఉంది: రాయితో ఒళ్లు కట్టు, సున్నంతో నగ పెట్టు. బట్టీలో కాల్చిన సున్నాన్ని నీళ్లలో చంపి, ఇసుక కలిపి, ఎద్దులు తిప్పే గానుగలో రోజుల తరబడి నూరితే డంగు సున్నం తయారవుతుంది. బెల్లం నీళ్లు, కరక్కాయ రసం చేరిస్తే పట్టు పెరుగుతుంది. పైపూతలో గుడ్డు సొన కలిపి రుద్దితే అద్దంలా మెరుస్తుంది. మక్బరాల మీద లతలు అల్లినదీ, మన పాత కట్టడాలకు అంచులు తీర్చినదీ ఈ విద్యే. కొనదేలిన కమాను కూడా మన మేస్త్రీకి కొత్త కాదు. మసీదుల్లో, దర్వాజాల్లో తాతల నాటి నుంచి తిప్పుతున్నదే. గోతిక్ నమూనా చేతికిచ్చినప్పుడు అతనికి అపరిచితంగా తోచి ఉండదు. ‘విదేశీ’ అని మనం పిలిచే ఆ కమాను ఇక్కడ అంత త్వరగా కుదురుకోవడానికి కారణం అదే అయ్యుండాలి.

ఇవాళ్టి దారి

ఇప్పుడు మేడ్చల్, శామీర్‌పేట చుట్టూ కాలనీలు పెరిగాయి, చర్చిలూ పెరిగాయి. పద్ధతి మొత్తం మారింది. ఆర్‌సీసీ పిల్లర్లు, స్లాబు, ఇటుక లేదా సిమెంటు బ్రిక్కు గోడ. డబ్బు తక్కువైతే ఇనుప ట్రస్సు మీద రేకులు. గోపురం ముందు భాగానికి అతికించిన సిమెంటు పెట్టె. కొనదేలిన కమాను బరువు మోయడం మానేసి ప్లాస్టరింగులో గీసిన గీతగా మిగిలింది. గంట స్థానంలో స్పీకరు. ఇందులో తప్పుపట్టడానికేం లేదు. ఉన్న డబ్బుతో నలుగురు కూర్చునే చోటు కట్టుకోవడం ఏ కాలంలోనైనా చర్చికి మొదటి పనే. అడగవలసింది ఒక్కటే: సెయింట్ జాన్స్‌కు గాలి ఆడించిన ఎత్తు కప్పూ, పై కంతలూ రేకుల హాలులో ఎందుకు లేకుండా పోయాయి? ఆ పాఠానికి ఖర్చు పెద్దగా లేదు. మరిచిపోయాం, అంతే.

అసలు ముప్పు పాత చర్చిలకు. పాతికేళ్లుగా మరమ్మతు అంటే సిమెంటు పూత, ప్లాస్టిక్ పెయింటు, పాత నేల మీద కొత్త టైల్సు. సున్నపు గోడ ఊపిరి తీసుకుంటుంది. వానకు పీల్చిన తడిని ఎండకు వదిలేస్తుంది. దాని మీద సిమెంటు వేస్తే తడి లోపలే ఉండిపోయి, పూత ఉబ్బి, పెచ్చులూడుతుంది. పెచ్చులూడిందని మళ్లీ సిమెంటే వేస్తారు. మంచి మనసుతో, సంఘం చందాలతో చేసే ఈ మేలే గోడను తినేస్తోంది.

తెచ్చుకోవలసింది ఏమిటి?

మిలాను కెథెడ్రల్‌కు 1387 నుంచి ఒక సంస్థ ఉంది. ‘ఫాబ్రికా’ అంటారు. కట్టడం, కాపాడటం, లెక్క రాయడం దాని పని. ఆరువందల ఏళ్లకు పైగా అది ఆగలేదు. కందోలియా గని ఇప్పటికీ దాని చేతిలోనే ఉంది. శిథిలమైన రాయిని తీసి అదే గనిలోని కొత్త రాయి పెడతారు. ఏ రాయి ఎప్పుడు వచ్చింది, ఎవరికి ఎంత కూలి ఇచ్చారు అన్నది దస్త్రాల్లో దొరుకుతుంది. కట్టిన బిషప్పుల పేర్లతోపాటు రాళ్లు మోసినవాళ్ల లెక్కలూ ఉంటాయి.

మన దగ్గర మిషనరీల పేర్లు ఫలకాల మీద ఉన్నాయి. సమ్మెట పట్టిన వడ్డెర పేరు, గానుగ తిప్పినవాడి పేరు ఎక్కడా లేవు. మరమ్మతు పద్దు చేతులు మారినప్పుడల్లా పోతుంది. కనక ఇటలీ నుంచి ఇంకా ఏదైనా దిగుమతి చేసుకోవాలంటే పాలరాయి వద్దు, గంట వద్దు, ఆ పద్దు పుస్తకం చాలు. ప్రతి పాత చర్చిలోనూ, సి.ఎస్.ఐ. అయినా కేథలిక్ విచారణ అయినా, ఒక పెద్ద రిజిస్టరు తెరవాలి. గోడ ఏ రాతిది, పూత ఏ సున్నానిది, ఏ ఏడు ఏం మార్చారు, ఎవరు చేశారు, ఎంతయింది, మార్చకముందు తీసిన ఫొటో. మేస్త్రీ పేరు పాస్టరు గారి పేరు పక్కనే రాయాలి. డంగు సున్నం నూరడం తెలిసిన పెద్ద మేస్త్రీలు ఉన్నప్పుడే కుర్రవాళ్లను వాళ్ల దగ్గర పెట్టాలి.

2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. చట్టం కట్టడాన్ని కూల్చకుండా ఆపగలదేమో గానీ, తప్పుడు పూత వేయకుండా ఆపలేదు. ఆ పని సంఘం చెయ్యాలి. ‘ఇటాలియన్ చర్చి’ అన్న పొగడ్త ఒక్క గోడనూ నిలబెట్టలేదు. ఇక ముందు నిలబెట్టేదేదైనా ఉంటే అది లెక్క తెలిసిన కమిటీ, సున్నం తెలిసిన మేస్త్రీ.